పద్దెనిమిదో గంట మనిషికి కావలసిన సైకిల్

మా మేనల్లుడు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. "మావయ్యా, ఈ చలికాలం బీఆర్‌ఎంలు మొదలెడదామనుకుంటున్నాను. లక్ష రూపాయలు పక్కన పెట్టాను. మూడు సైకిళ్ల ఫొటోలు పంపించాను, ఏది కొనమంటావో చెప్పు" అన్నాడు. చూశాను. మూడూ నల్లగా, సన్నగా, నిగనిగలాడుతూ పందెం కోళ్లలా ఉన్నాయి. పందెం కోడి అందానికి వంక పెట్టను. కాకపోతే వాడు దానిచేత చేయించబోయేది గానుగెద్దు పని.

నాకిప్పుడు అరవై ఆరు. విశాఖలో రైల్వే మెకానికల్ విభాగంలో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాను. చిన్నప్పుడు అద్దె సైకిల్ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కినవాణ్ణే. కానీ గేర్ల సైకిల్ ముట్టుకున్నది యాభై ఏళ్లకి, షుగరొచ్చిందని డాక్టరు భయపెట్టాక. ఆ తర్వాత అది వ్యసనమైంది. 200 కిలోమీటర్ల బీఆర్‌ఎంలు ఎన్ని తొక్కానో లెక్క పెట్టడం మానేశాను. 600లు మూడు, 1000 ఒకటి. ఈ పదహారేళ్లలో నాలుగు సైకిళ్లు కొన్నాను. రెండు తప్పులు, ఒకటి పశ్చాత్తాపం, ఒకటి ఇప్పటికీ వరండాలో ఉంది. వాడికి ఫోన్లో చెప్పిందీ, చెప్పడం మరిచిపోయిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు దారి, తర్వాతే బండి

బీఆర్‌ఎం అంటే ఏమిటో తెలియకుండా దానికి సైకిల్ కొనడం, పెళ్లికూతురిని చూడకుండా జాకెట్టు కుట్టించినట్టే. ఇది పందెం కాదు. ఫ్రాన్సులోని ఓదాక్స్ క్లబ్ పారిసియన్ అనే సంస్థ నియమాల ప్రకారం ప్రపంచమంతా జరిగే దూర ప్రయాణం. మన దేశంలో ఓదాక్స్ ఇండియా పేరుతో క్లబ్బులు వీటిని నడుపుతున్నాయి. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40, 1000కి 75 గంటలు గడువు. ఒక్క సీజన్లో 200, 300, 400, 600 నాలుగూ ముగిస్తే సూపర్ రాండనీర్ అంటారు. దారిలో అక్కడక్కడా చెక్‌పోస్టుల్లాంటివి ఉంటాయి. అక్కడ కార్డు మీద ముద్ర వేయించుకోవాలి, లేదా సాక్ష్యం చూపించాలి. ముందొచ్చినవాడికి కప్పు లేదు, చివరొచ్చినవాడికి అవమానమూ లేదు. గడువులో వస్తే చాలు.

ఇప్పుడు లెక్క చూడండి. 600ని 40తో భాగిస్తే గంటకి 15. ఆ పదిహేనులోనే టీలూ, పంక్చర్లూ, భోజనం, బస్టాపు బెంచీ మీద గంట కునుకూ అన్నీ ఇమడాలి. విశాఖ నుంచి తుని దాకా వెళ్లి వెనక్కొస్తే ఇంచుమించు 200. కదులుతున్నంతసేపూ గంటకి 22 పోతే తొమ్మిది గంటల చిల్లరలో అయిపోతుంది. ఖరీదైన సైకిల్ వల్ల 24 పోయావనుకో, ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. లాభం నలభై అయిదు నిమిషాలు. నడుము పట్టేసి అనకాపల్లిలో ఓసారి, నక్కపల్లిలో ఓసారి, ఎలమంచిలిలో రెండుసార్లు దిగి చెట్టు కింద వాలితే ఆ నలభై అయిదూ పోయి ఎదురు బాకీ పడతావు. కాలాన్ని మింగేది నెమ్మదిగా తొక్కడం కాదు, ఆగిపోవడం. నిన్ను ఆగనివ్వని సైకిలే నీకు వేగమైన సైకిల్.

దుకాణంలో పది నిమిషాలు తొక్కి చూసే మనిషి వేరు, పద్దెనిమిదో గంటలో దాని మీద కూర్చునే మనిషి వేరు. మొదటివాడికి కండ పొగరు ఉంటుంది. రెండోవాడికి మెడ నిలబడదు, అరచేతులు మండుతుంటాయి, లెక్కలు తప్పుతుంటాయి, చిన్న విషయానికి ఏడుపొస్తుంది. డబ్బిచ్చేది మొదటివాడు. సైకిల్ మాత్రం రెండోవాడిది.

2. కొలత తప్పితే తక్కినవన్నీ దండగ

నా మొదటి సైకిల్ కథ ఇక్కడే చెప్పాలి. దుకాణంలో నలభై శాతం తగ్గింపని బోర్డు పెట్టారు. మిగిలింది ఒక్కటే ఫ్రేము, సైజు 56. నా ఎత్తు 168 సెంటీమీటర్లు. "సీటు కాస్త దించి, హ్యాండిల్ కాస్త లోపలికి తెస్తే సరిపోతుంది సార్" అన్నాడు అమ్మేవాడు. తగ్గింపు ముందు నా నోరు పడిపోయింది. వర్క్‌షాపులో మిల్లీమీటరులో పదో వంతు తేడాకి బేరింగు వెనక్కి పంపిన మనిషిని, నా ఒంటి దగ్గరకొచ్చేసరికి నాలుగు సెంటీమీటర్లు వదిలేశాను.

రెండు 200లు ఎలాగో లాగించాను. 300లో దొరికిపోయాను. ముందుకి బాగా సాగి తొక్కడం వల్ల ఒంటి బరువంతా అరచేతుల మీద పడింది. తెల్లవారుజామున చిటికెన వేలూ ఉంగరం వేలూ మొద్దుబారాయి. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే పప్పన్నం కలపడం రాలేదు. మూడు వేళ్లు పని చేస్తున్నాయి, ఆ రెండూ పక్కింటి చుట్టాల్లా ఊరికే ఉన్నాయి. చొక్కా గుండీ పెట్టుకోలేక మా ఆవిడని పిలిచాను. ఆవిడ గుండీ పెడుతూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. మూడు వారాలకి గానీ స్పర్శ పూర్తిగా రాలేదు. అరచేతి అంచున పోయే నరం నలిగితే అలా అవుతుందని ఆ తర్వాత తెలిసింది. దూర ప్రయాణికుల్లో ఇది మామూలు జబ్బే.

అంచేత ముందు కొలుచుకో. చెప్పుల్లేకుండా గోడకి వీపు ఆనించి, పాదాల మధ్య అరడుగు ఎడంతో నిలబడు. మందపాటి పుస్తకాన్ని, దాని వెన్ను పైకి ఉండేలా, కాళ్ల మధ్య సీటు ఒత్తినంత గట్టిగా పైకి నొక్కి, గోడ మీద గీత పెట్టించుకో. నేల నుంచి ఆ గీత దాకా నీ కాలి కొలత. దాన్ని 0.883తో గుణిస్తే పెడళ్ల కడ్డీలు తిరిగే నడిమి ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగానికి ఎంత ఉండాలో ఇంచుమించుగా వస్తుంది. నాది 78 సెంటీమీటర్లు, సీటు 69 దగ్గర కుదిరింది. ఇది మొదలు పెట్టడానికి పనికొచ్చే అంకె, శిలాశాసనం కాదు. అరసెంటీమీటరు అటూ ఇటూ మోకాళ్లే చెబుతాయి. మోకాలి ముందు నొప్పి అయితే సీటు తక్కువైనట్టు, మోకాలి వెనక లాగితే ఎక్కువైనట్టు.

ఫ్రేము సైజుల అంకెల్ని నమ్మవద్దు. ఒక కంపెనీ 54 ఇంకో కంపెనీ 52తో సమానం కావచ్చు. ప్రతి కంపెనీ కొలతల పట్టికలో స్టాక్, రీచ్ అని రెండు అంకెలుంటాయి. ఆ నడిమి ఇరుసు నుంచి ఫ్రేము ముందు గొట్టం తల ఎంత ఎత్తులో ఉందో స్టాక్, ఎంత ముందుకి ఉందో రీచ్. మన పనికి స్టాక్ ఎక్కువ, రీచ్ తక్కువ ఉన్నది కావాలి. ఎండ్యూరెన్స్ సైకిళ్లని అమ్మేవాటిలో తేడా ముఖ్యంగా ఇదే. హ్యాండిలు సీటుకి సమానంగా గానీ, రెండు మూడు సెంటీమీటర్ల కిందకి గానీ వచ్చేలా చూసుకో. పందెం సైకిల్ మీద వంగి తొక్కేవాణ్ణి చూస్తే ముచ్చటేస్తుంది నిజమే. వాడు నాలుగు గంటల్లో దిగి ఇంటికెళ్లిపోతాడు.

3. టైరు పట్టే సందు చూడు

వాడు పంపిన మూడింటిలో రెండిటికి 25 మిల్లీమీటర్ల టైర్లున్నాయి, 28 దాటితే ఫ్రేముకి రాసుకుంటాయి. ఫోన్లోనే రెండూ కొట్టేయించాను.

సన్నటి టైరు, రాయిలా గట్టిగా గాలి కొడితే వేగం ఎక్కువని మేమూ నమ్మాం. గచ్చు మీద అది కొంత నిజం. మన రోడ్డు గచ్చు కాదు. గరుకు రోడ్డు మీద గట్టి టైరు ప్రతి రాయి దగ్గరా సైకిల్‌నీ మనిషినీ కలిపి పైకెత్తుతుంది. అలా ఎగరేయడానికి ఖర్చయ్యే శక్తి నీ తొడల నుంచే పోతుంది. వెడల్పు టైరు తక్కువ గాలితో ఆ రాయిని తనలో ఇముడ్చుకుని ముందుకి పోతుంది. నా బరువు 72 కిలోలు. 32 మిల్లీమీటర్ల టైర్లకి వెనక 60, ముందు 55 పీఎస్‌ఐ పెడతాను. పాత 23 టైర్లకి 110 కొట్టే రోజుల్లో ఇంటికొచ్చాక కూడా చేతులు వణికేవి.

16వ నంబరు జాతీయ రహదారి అంచున తొక్కేవాడికి అసలు శత్రువు మేకు కాదు, లారీ టైరు తీగ. లారీ టైరు పేలినప్పుడు దాని లోపలి ఉక్కు తీగలు వెంట్రుకల్లా రోడ్డు పక్కన రాలిపోతాయి. కంటికి కనిపించవు. టైరులో దూరితే ట్యూబు మార్చినా లోపలే దాక్కుని, రెండో ట్యూబునీ కొరుకుతాయి. ట్యూబు మార్చేముందు టైరు లోపల దూది ముక్కతో ఒక చుట్టు తుడువు. దూది ఎక్కడ పట్టుకుంటే తీగ అక్కడుంటుంది. చిన్న పట్టకారు ఒకటి సంచిలో ఉండాలి. మా ఆవిడ కనుబొమల పట్టకారు పోయి అయిదేళ్లయింది, ఆవిడ ఇంకా పనిమనిషిని అనుమానిస్తోంది.

దూర సైక్లింగ్ చరిత్రలో టైరుకి ఉన్న చోటు ఇంకే భాగానికీ లేదు. 1891లో మొదటి పారిస్–బ్రెస్ట్–పారిస్ జరిగింది. పారిస్ నుంచి అట్లాంటిక్ తీరంలోని బ్రెస్ట్ దాకా వెళ్లి తిరిగి రావాలి, 1200 కిలోమీటర్లు. షార్ల్ టెరాన్ అనే ఆయన 71 గంటల చిల్లరలో గెలిచాడు. ఆయన చక్రాలకి ఉన్నవి మిషెలిన్ కంపెనీ కొత్తగా తయారుచేసిన, ఊడదీసి బాగుచేసుకోవడానికి వీలైన గాలి టైర్లు. అప్పటిదాకా గాలి టైరుని రిమ్ముకి జిగురుతో అతికించేవారు, పంక్చరైతే అదో యజ్ఞం. తిరుగు దారిలో తనకన్నా ముందున్నవాడు నిద్రపోతుంటే టెరాన్ నిశ్శబ్దంగా దాటిపోయాడు. ఇప్పుడు ఆ ప్రయాణం నాలుగేళ్లకోసారి, పందెం లేకుండా, 90 గంటల గరిష్ఠ గడువుతో జరుగుతోంది. 2023లోనూ జరిగింది. మన తెలుగువాళ్లూ వెళ్తున్నారు. మోకాళ్లు నాకా సెలవు ఇవ్వలేదు.

4. గేర్ల లెక్క ఘాట్ రోడ్డు దగ్గర తేలుతుంది

విశాఖ నుంచి అరకు వెళ్లేవాళ్లు శృంగవరపుకోట దాటి బొడ్డవర దగ్గర తల పైకెత్తి చూస్తారు. అక్కడి నుంచి అనంతగిరి, గాలికొండ వైపు ఎక్కుడే ఎక్కుడు. నా రెండో సైకిల్ పందెపు సైకిల్. అమ్మేవాడు "ప్రో గేరింగ్ సార్" అన్నాడు. ప్రో తొడలు కూడా ఇస్తావా అని అడగాల్సింది.

ముందు చిన్న పళ్లచక్రం 36 పళ్లు, వెనక పెద్దది 28. 36ని 28తో భాగిస్తే 1.29. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒకటింబావు చుట్టుకి పైనే తిరుగుతుంది, అంటే సుమారు 2.7 మీటర్లు. ఘాట్లో నా వేగం గంటకి ఆరు కిలోమీటర్లు, నిమిషానికి వంద మీటర్లు. ఆ వేగానికి కాలు నిమిషానికి 37 చుట్లే తిరుగుతుంది. అది తొక్కడం కాదు, మెట్లెక్కడం. ప్రతి మెట్టూ మోకాలు చెల్లించుకోవాలి. ఇప్పటి సైకిలుకి ముందు 30, వెనక 36. ఒక చుట్టుకి సుమారు 1.8 మీటర్లు. అదే కొండ, అదే ఆరు కిలోమీటర్లు, కానీ కాలు నిమిషానికి 56 తిరుగుతుంది. మాట్లాడుకుంటూ ఎక్కొచ్చు. పక్కన నడిచే పశువుల కాపరి నన్ను దాటిపోయినా నాకు చిన్నతనం లేదు.

దుకాణానికి వెళ్తే ముందు పళ్లచక్రాల్లో అతి చిన్నదాని పళ్లు, వెనక పళ్లచక్రాల్లో అతి పెద్దదాని పళ్లు లెక్కపెట్టు. వెనకది ముందుదానితో సమానంగానో, ఎక్కువగానో ఉండాలి. లేకపోతే మార్చి ఇవ్వమను, కొనేముందయితే తేలిగ్గా ఒప్పుకుంటారు. పెద్ద గేర్ల సంగతి వదిలెయ్. దిగుడులో తొక్కాల్సిన పనేముంది?

గేర్లని చిన్నచూపు చూడటం పాత జబ్బే. ఫ్రాన్సులో సెంటెటియెన్ పట్నంలో పాల్ ద వివీ అనే ఆయన, వెలోసియో కలం పేరుతో, గేర్లు మార్చుకునే ఏర్పాటు కోసం ఏళ్ల తరబడి రాశాడు, తొక్కి చూపించాడు. అయినా టూర్ ద ఫ్రాన్స్ నిర్వాహకులు 1937 దాకా డీరెయిలర్‌ని రానివ్వలేదు. మగతనం తగ్గిపోతుందనుకున్నారు కాబోలు.

5. దిగేటప్పటి సంగతి

మా కొత్తవలస–కిరండూల్ లైనులో ఎక్కేది ఖాళీ గూడ్సు బండి, దిగేది ఇనప ఖనిజం నింపుకున్న బండి. మా వాళ్ల భయమంతా దిగడం గురించే. బ్రేకు పరీక్ష చేయకుండా బండిని ఘాట్లోకి వదలరు. సైకిలుకీ అదే శాస్త్రం. వానలో అనంతగిరి దిగుతూ రిమ్ము బ్రేకు నొక్కితే, మొదటి రెండు మూడు చుట్లు నీళ్లు తుడవడానికే పోతాయి. ఆ రెండు చుట్లలో మలుపు వచ్చేస్తుంది. ఇప్పుడు కొనేవాడు డిస్కు బ్రేకులే కొనాలి. తీగతో పనిచేసేదా, నూనెతో పనిచేసేదా అంటే నేను తీగ వైపు. నూనెది మెత్తగా పట్టుకుంటుంది, ఒప్పుకుంటాను, అర్ధరాత్రి కారితే మాత్రం నా దగ్గర మందు లేదు. ప్యాడ్లు ఒక జత సంచిలో పెట్టుకో.

6. సీటు: మామిడిపండు పరీక్ష పనికిరాదు

సీటుని బొటనవేలితో నొక్కి "అబ్బ, ఎంత మెత్తగా ఉందో" అంటారు. ఆ పరీక్ష బంగినపల్లి దగ్గర పనికొస్తుంది. మెత్తటి సీటులో కూర్చునే ఎముకలు కూరుకుపోయి, మధ్యనున్న మెత్తటి చోటు ఒత్తుకుంటుంది. గంట హాయిగా ఉంటుంది. ఆరో గంటకి కింద స్పర్శ పోతుంది, ఎనిమిదో గంటకి స్పర్శ పోయినా బాగుండునని అనిపిస్తుంది. నా మూడో సైకిలుకి స్ప్రింగుల మెత్త వేయించాను. ఆ పశ్చాత్తాపంలో సగం దానిదే. మిగతా సగం ఆ సైకిల్ పదహారు కిలోల బరువు.

బల్ల మీద అట్టపెట్టె ముక్క పరిచి, దాని మీద మోకాళ్లు పైకొచ్చేలా కాసేపు కూర్చుని లే. రెండు గుంటలు పడతాయి. వాటి మధ్య దూరం కొలిచి, దానికన్నా రెండు సెంటీమీటర్లయినా వెడల్పున్న, కాస్త గట్టి సీటు చూడు. నేను వాడేది బ్రూక్స్ వాళ్ల తోలు సీటు. 19వ శతాబ్దం చివరి నుంచీ అదే నమూనా అమ్ముతున్నారు. మొదటి ఐదారు వందల కిలోమీటర్లు చెక్కపీటలా ఉంటుంది, కొత్త కిర్రు చెప్పులాగే. తర్వాత నీ ఒంటికి లొంగుతుంది. వానలో నానకూడదు, ప్లాస్టిక్ సంచి ఒకటి దాని కింద మడిచి పెట్టుకో. ఇది అందరికీ పడుతుందని చెప్పను. సీటు విషయంలో ఎవడి మాటా వినకు, నా మాటతో సహా. సైకిల్ ధరలో సీటు చూసుకోకు. పడకపోతే మార్చేస్తావు.

7. ఉక్కా, అల్యూమినియమా, కార్బనా

పది మంది సైకిల్‌వాళ్లు చేరిన చోట ఈ గొడవ తప్పదు. నా లెక్క చిన్నది. నేను 72, సైకిల్ 11, నీళ్లూ సంచీ పనిముట్లూ కలిపి ఐదు. మొత్తం 88. కార్బన్ వల్ల రెండు కిలోలు తగ్గితే సుమారు రెండు శాతం. మూడు గంటల ఎక్కుడులో నాలుగు నిమిషాలు మిగులుతాయి, చదును రోడ్డు మీద దాదాపు ఏమీ మిగలదు. ఆ నాలుగు నిమిషాలకి ఎంత ఇస్తావో నువ్వే తేల్చుకో.

ఉక్కు ఫ్రేము కుదుపుల్ని మింగేస్తుందంటారు. టైరు మింగేదాంతో పోలిస్తే అది సముద్రంలో కాకిరెట్ట. ఉక్కు విరిగితే పల్లెటూళ్లో ఏ వెల్డింగ్ షాపులోనైనా అతుకుతారంటారు. పలచటి క్రోమోలీ గొట్టానికి గేటు అతికే వెల్డరు చెయ్యి తగిలితే చిల్లే మిగులుతుందని మెకానికల్ మనిషిగా నాకు భయం. ఇన్నేళ్లలో నా ఫ్రేము అతికించాల్సిన అవసరమూ రాలేదు. మరి నా నాలుగోది ఉక్కు ఎందుకంటే, 32 టైరు పట్టేదీ, మడ్‌గార్డుకీ క్యారియరుకీ మరచుట్లున్నదీ, నా ధరలో అదొక్కటే దొరికింది. అంతే, సిద్ధాంతమేమీ లేదు.

సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఒక్క మాట. ఉప్పు గాలి ఉక్కుని బయట నుంచి కాదు, లోపల నుంచి తింటుంది. ఏడాదికోసారి సీటు గొట్టం తీసి, ఫ్రేము తిరగేసి, లోపల నూనె పోసి తిప్పు. మేం భీమిలి రోడ్డులో తొక్కి వచ్చిన సాయంత్రం తడిగుడ్డతో తుడవకపోతే, మర్నాటికి గొలుసు మీద కుంకుమ రాసినట్టుంటుంది.

8. తునిలో బాగవుతుందా?

నేను ఏ భాగం చూసినా వేసే ప్రశ్న ఇదే. దీని వెనక ఒక రాత్రి ఉంది.

ఆ రెండో సైకిలే. వెనక చక్రానికి 24 స్పోకులు, అవీ కత్తిలా చదునుగా. 400 బీఆర్‌ఎంలో రాత్రి రెండింటికి పాయకరావుపేట ఇంకా రాకముందే వెనక టంగుమని మోగింది. దిగి చూస్తే స్పోకు తెగింది. స్పోకులు తక్కువున్న చక్రంలో ఒకటి తెగితే మిగతావాటి బిగువు చెదిరి చక్రం కల్లు తాగినట్టు ఊగుతుంది. బ్రేకు విప్పేశాను. అయినా రిమ్ము ఫ్రేముకి రాసుకుంటోంది. మోస్తూ, నెడుతూ, తాండవ నది వంతెన దాటి తునిలో పడ్డాను. రైల్వే స్టేషన్ దగ్గర టీ కొట్టు బల్ల మీద, దోమల మధ్య, తెల్లారేదాకా కూర్చున్నాను. ఆరున్నరకి సైకిల్ షాపు తలుపు తీశాడు ఒక పెద్దాయన. చక్రం చేతిలోకి తీసుకుని, వెలుతురు వైపు తిప్పి, చాలాసేపు చూశాడు.

"ఇదేటండీ, సగం పుల్లలు ఎవరైనా పీక్కుపోయారేటి?"

"లేదండీ, ఇది ఇంతే వస్తుంది."

"ఎంతెట్టి కొన్నారేటి?"

చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. తన దగ్గరున్న స్పోకుల కట్ట తెచ్చి ఒక్కొక్కటే పక్కన పెట్టి చూశాడు. పొడవూ కలవలేదు, తలా కలవలేదు. చివరికి పక్క స్పోకుల్ని వదులు చేసీ బిగించీ, చక్రం తిరిగేలా మాత్రం చేశాడు. డబ్బులు తీసుకోలేదు, టీ మాత్రం తాగాడు. నేను బస్సెక్కి ఇంటికొచ్చాను. నా గడువు అంతకు ముందే పోయింది.

అప్పటి నుంచి గుండ్రటి మామూలు స్పోకులు, చక్రానికి 32. అదనంగా మూడు, సీటు గొట్టంలో కాగితంలో చుట్టి ఉంటాయి. వెనక గేరు మర ఫ్రేముకి తగిలించే చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది, హ్యాంగర్ అంటారు. సైకిల్ కుడి వైపు పడితే ముందు వంగేది అదే. ఒక్కో మోడలుకి ఒక్కో ఆకారం, పక్కవాడిది నీకు పట్టదు. కాబట్టి సైకిల్ కొన్న రోజే రెండోది కొను. బ్యాటరీతో మారే గేర్లు చాలా నాజూగ్గా మారతాయి, నాకు ముచ్చటే. కానీ గేరు తీగ తెగితే నేను చెట్టు కింద పావుగంటలో వేస్తాను.

9. లక్షా సైకిలుకే పెట్టకు

అరవై అయిదు, డెబ్బై దగ్గర సైకిల్ ఆపు. మిగతాది లైట్లకి, హెల్మెటుకి, నిక్కరుకి, సంచులకి, మంచి టైర్లకి. రాత్రి ముందు వెనక దీపాలు, మెరిసే జాకెట్టు లేకపోతే బీఆర్‌ఎంలో నిన్ను కదలనివ్వరు. వెనక లైట్లు రెండు పెట్టుకో. ఒకటి ఆరిపోయిన సంగతి నీకు తెలియదు, లారీవాడికి తెలుస్తుంది. 600లు తొక్కాలనుకుంటే ముందు చక్రంలో డైనమో హబ్ గురించి ఆలోచించు. 6 వోల్టులు, 3 వాట్లు ఇస్తుంది. చార్జింగు చింత ఉండదు. 200, 300లకి పవర్‌బ్యాంకు చాలు.

మడ్‌గార్డులుంటే సైకిల్ అందం పోతుందని మేనల్లుడు అన్నాడు. వానలో నీ వెనక తొక్కేవాడిని అడగరా అన్నాను.

10. ఇంట్లో ఉన్నది చాలదా?

వాడు అడగని ప్రశ్న ఇది. వాడి అపార్టుమెంటు మెట్ల కింద తిన్నని హ్యాండిలు హైబ్రిడ్ ఒకటి దుమ్ము పట్టి ఉంది. మొదటి 200 దాని మీదే తొక్కమన్నాను. అలాంటివాటి మీద గడువులో వచ్చినవాళ్లని ఎందరినో చూశాను. ఒకసారి గేర్లే లేని సైకిల్ మీద, వెనక క్యారియరుకి టిఫిన్ డబ్బా కట్టుకుని వచ్చిన ఒక ఉపాధ్యాయుడు నాకన్నా గంట ముందు ముగించాడు. తిన్నని హ్యాండిలుతో చిక్కు ఒక్కటే, చేతులు పెట్టే చోటు ఒక్కటే ఉంటుంది. రెండు చివర్లకీ కొమ్ములు బిగిస్తే సగం తీరుతుంది. వంపు హ్యాండిలు గొప్పతనమూ అదే, నాలుగు చోట్ల చేతులు మార్చుకోవచ్చు. 200 అయ్యాక ఎక్కడ నొప్పి పుట్టిందో, ఎక్కడ గేరు చాలలేదో, ఎందుకు ఆగావో కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లు. ఆ కాగితం చూపిస్తే అమ్మేవాడు నీకు పందెం కోడిని చూపించడు.

మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. హైబ్రిడ్ దుమ్ము దులిపాట్ట, కొత్త టైర్లు వేయించాట్ట, శంషాబాదు వైపు డెబ్బై తొక్కి వచ్చాట్ట. మెడ పట్టిందన్నాడు. సంతోషించాను. వచ్చే ఆదివారం విశాఖ వస్తానన్నాడు, కాలి కొలత తీయమన్నాడు. కాళ్ల మధ్య పెట్టడానికి మందపాటి పుస్తకం కోసం అల్మరా వెతికితే, నా ఉద్యోగం రోజుల నాటి రైల్వే టైంటేబులు దొరికింది. అట్ట చిరిగింది కానీ వెన్ను ఇంకా గట్టిగానే ఉంది.